తాత చిన్నిల్లు వెతకబోయి

పెళ్ళయిన కొత్త నుంచీ మా సుబ్బయ్య తాత తొమ్మిదేళ్ళపాటు నెలనెలా నరసరావుపేట వెళ్ళొచ్చేవాడట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అక్కడ చిన్నిల్లుందని మా నాయనమ్మ తేల్చేసింది. బండి తోలుకుని వెంట వెళ్ళిన ఆమె తమ్ముడు కోటయ్య దానికి వత్తాసట. తాత పోయి పదేళ్ళయినా ఆ తమ్ముణ్ణి మా గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడాయన మంచాన పడి, ఒక్కసారి అక్కను చూడాలని కబురంపాడు.

"పేటలో చిన్నిల్లు లేదని ఏదన్నా కాగితం చూసిరా, అప్పుడు పోతా" అంది నాయనమ్మ. కోటయ్య తాతను అడిగితే, "మా బావకి ఒట్టేశాన్రా, నే చెప్పను" అన్నాడు.

పొద్దున ఆరింటికి ఎడ్లపాడులో బొగ్గు బస్సెక్కాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువు. వెనకనున్న పొయ్యి రాజుకునేసరికి ఏడున్నరయింది. మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోశాం. "టిక్కెట్టు ఎక్కేదానికా, తోసేదానికా అబ్బాయ్?" అన్నాడు పక్కనున్న పొగాకు రైతు. చిలకలూరిపేటలో ఇడ్లీ తిని, బస్సు మారి, పదకొండున్నరకు నరసరావుపేట చేరాను. ఈ దారిన వచ్చేవాళ్ళు తెల్లపంచె కట్టకండి. నాది మసిగుడ్డయింది.

రిజిస్ట్రారాఫీసు గుమాస్తా పాత పుస్తకాలన్నీ తిరగేశాడు. తాత పేరున ఇల్లు లేదు.

"నెలనెలా పేటకొచ్చాడంటే చిన్నిల్లన్నా ఉండాల, వాయిదా అన్నా ఉండాల. ఇల్లయితే మా పుస్తకాల్లో లేదు. కోర్టులో చూసుకో" అన్నాడు.

కోర్టు రికార్డు గదిలో ముసలి గుమాస్తా ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, మూడింటికి ఒక కట్ట దులిపాడు. వాది కోటయ్య, ప్రతివాది సుబ్బయ్య! గట్టు మీది తుమ్మచెట్టు ఎవరిదని తగాదా. ఒక వాయిదా దగ్గర, "బండి ఇరుసు విరిగినందున ఉభయులూ హాజరు కాలేదు" అని రాసి ఉంది.

"ఒకే బండిలో వచ్చి కొట్లాడుకున్నారా?" అన్నాను.

"చెట్టు కోసం దావా ఏసుకున్నారని చుట్టరికం పోద్దా ఏంది?" అన్నాడు గుమాస్తా.

చివరి కాగితంలో మళ్ళీ ఉభయులూ గైరుహాజరు, దావా కొట్టివేత. తేదీ చూస్తే మా నాన్న పుట్టిన రోజు.

సాయంత్రం బస్సు లేక సత్రంలో పడుకుని, మర్నాడు మళ్ళీ తోసుకుంటూ ఇల్లు చేరాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. మనుషులు దాచిందంతా పాపమే అనుకోవడం ఎంత తప్పో ఈ ప్రయాణంలో తెలిసింది.

నాయనమ్మకి అంతా చెప్పాను. "ఆ రోజు నేను నొప్పులు పడతంటే ఇద్దరూ వాకిట్లోనే కూచున్నారు. వాయిదా ఉందని నాకేం తెలుసు?" అంటూ కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి గంజి కాచి, చెంబు నాచేత పట్టించి, కర్ర పోటేసుకుంటూ తమ్ముడింటికి బయల్దేరింది.

"ఏరా, నా మొగుడి మీదే దావా ఏస్తావా? ముందు లేచి ఈ గంజి తాగు, తర్వాత తిడతా."

కోటయ్య తాత కళ్ళనీళ్ళతోనే రెండు గుక్కలు తాగాడు.

"ఎన్నన్నా తిట్టక్కా. ఆ చెట్టు మాత్రం నాదే."