సానరాయి మీద అరిగిన వరహా

వరంగల్ బజారులో బట్టల దుకాణం నడిపే నా మిత్రుడికి పాత బంగారు నాణేల పిచ్చి. అవి డెబ్బైల నాటి రోజులు. తాయెత్తుల మీద, వాస్తు మీద సభలు పెట్టి జనాన్ని నిలదీసినవాళ్ళం మేమిద్దరం. కాబట్టి ఆయన నాణేలకు పసుపు కుంకుమలు ఉండేవి కావు. "ఇది లక్ష్మి కాదు భాయి, చరిత్ర" అనేవాడు.

వాటిలో ఆయన ప్రాణమంతా ఒక విజయనగర వరహా మీదే. గోరంత నాణెం. ఒకవైపు పక్కపక్కన కూర్చున్న శివపార్వతులు, మరోవైపు మూడు వరుసల నాగరి అక్షరాలు. అలాంటివి దొరకకపోవు, కానీ చేతులు మారి అరిగిపోయినవే దొరుకుతాయి. ఇది టంకశాల నుంచి నిన్న వచ్చినట్టుండేది. చెమట చేయి తగిలితే మెరుపు పోతుందని దూదిలో చుట్టి, దేవుడి గదిలోని ఇనుపపెట్టెలో దాచాడు. తాళంచెవి తల్లి కొంగుకు ఉండేది. పాడవుతుందన్న భయంతో ఏళ్ళ తరబడి ఆయన కూడా దాన్ని బయటికి తీయలేదు.

హైదరాబాదులో నాణేల ప్రదర్శన పెడుతున్న ఒక పెద్దమనిషి దాన్ని చూసి తీసుకువెళ్ళడానికి వచ్చాడు. ఎన్నేళ్ళుగానో మిత్రుడు ఎదురుచూసిన రోజది. నన్నూ పిలిచాడు.

దూది విప్పాడు. అక్షరాలు పైకి ఉన్నాయి. పెద్దమనిషి భూతద్దం పెట్టి "అద్భుతం" అన్నాడు. నాణెం తిప్పాడు. భూతద్దాన్ని తుడిచి మళ్ళీ పెట్టాడు.

"ఈ వైపు ఏమీ లేదండీ."

శివుడు లేడు, పార్వతి లేదు. చింతగింజలా నున్నగా ఉంది. "ఎవడో మార్చిండు! దొంగతనం!" అని మిత్రుడు కేకపెట్టాడు. పోలీసు స్టేషనుకు పోదామని నేను లేచాను. ఆ కేకకు వంటింట్లోంచి తల్లి వచ్చింది.

"ఏందిరా ఈ లొల్లి?"

"అమ్మా, దీని మీది దేవుడేడి?"

"ఇంకేడుంటడు? పిలగాండ్ల కడుపులల్ల ఉన్నడు."

బజారులో ఎవరింట్లో బిడ్డ పుట్టినా సానరాయి మీద వసకొమ్ము, బంగారం అరగదీసి తేనెతో నాలుకకు రాస్తారు. మాటలు బాగా వస్తాయని నమ్మకం. అంత మేలిమి బంగారం ఇంకెవరింట్లోనూ లేదట. అందుకని అడిగినవాళ్ళకల్లా ఆమె ఈ వరహానే అరగదీసిందట.

"మరి రెండో దిక్కు అరగలేదేమమ్మా?" అన్నాను.

"అచ్చరాలు అరగదీస్తరా ఎవరన్న? సదువు రాదు. దేవుడైతే ఏమనుకోడు, పిలగాండ్ల కోసమాయె."

నాకు ఒళ్ళు మండిపోయింది. బంగారం ఒంటికి పట్టదనీ, మింగింది మింగినట్టే బయటికి పోతుందనీ, పసివాళ్ళకు తేనె పెట్టడమే ప్రమాదమనీ సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆమె అంతా వింది.

"గంత గరమెందుకు సారూ? నీ బిడ్డ నాకలేదా?"

నేను హసన్‌పర్తిలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇస్తున్న రోజునే మా ఆవిడ బిడ్డను ఎత్తుకుపోయి నాకించుకొచ్చిందట. ఇంటికి వెళ్ళి అరిచాను. "మాటలు రావాలె గదా" అంది మా ఆవిడ. "నానా, అమ్మను తిట్టకు" అంది పక్కనే నిలబడ్డ బిడ్డ, మాటలు స్పష్టంగా పలుకుతూ.

నేను మిత్రుడి ఇంటి నుంచి బయల్దేరకముందే పెద్దమనిషి వరహా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. మిత్రుడు తాళంచెవి లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. ఒకవైపైనా మిగిలిందని నేను ఓదార్చాను.

ఎనభైలలో ఆయనకు మనవరాలు పుట్టింది. చూద్దామని వెళ్ళాను. సానరాయి ముందు కూర్చున్నది తల్లి కాదు, మిత్రుడు. రెండు వేళ్ళ మధ్య వరహా పట్టుకుని, నున్నటి వైపు రాతి మీద పెట్టి తిప్పుతున్నాడు. తల్లి పక్కన నిలబడి "జర మెల్లగరా" అంటోంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన తలెత్తి చూశాడు, చేయి మాత్రం ఆపలేదు.

"ఏం జూస్తున్నవ్ భాయి? బజారు పిల్లలందరు నాకిండ్రు. నా మనుమరాలొక్కతే నాకద్దా?"