జ్వరం పాలకు కుదిర్చిన బేరం

మా నాన్నకు అమీర్‌పేటలో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని నేను ఎక్కాలు నేర్చుకున్నాను, మనుషుల ముఖాలు చదవడమూ అక్కడే నేర్చుకున్నాను. మా ఇంట్లో రెండు నియమాలు ఉండేవి. కొనేటప్పుడు మూడు దుకాణాలు తిరగాలి, మొదటి చోట ఎంత నచ్చినా కొనకూడదు. అమ్మేటప్పుడైతే, మన దగ్గర్నుంచి లేచి వెళ్లి నాలుగు చోట్ల తిరిగి మళ్లీ వచ్చిన గిరాకీని ఒక్క మాట అనకూడదు. "ఏం, ఆడ దొరకలేదా" అని అడిగామా, ఆ మనిషి ఇంకోసారి మెట్టెక్కడు. నోరు మూసుకుని గిన్నెలన్నీ మళ్లీ పరవాలి.

మొదటి నియమం నాకు బాగా ఒంటబట్టింది. మెంతికూర కట్ట కూడా మూడో బండి దగ్గరే కొనేదాన్ని. ఆ రోజుల్లో పేటంతా అలాగే ఉండేది. ప్రతి మేడకీ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే, ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మూడు చోట్ల ఉచిత క్లాసులు విని, ఆ తర్వాత ఫీజు దగ్గర బేరానికి దిగేవారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటేసేది.

మేము మధురానగర్‌లో ఒక మేడ మీద పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నా కూతురికి నాలుగో నెల నడుస్తుండగా నాకు జ్వరం వచ్చింది. ఒళ్లు నొప్పులు, గొంతు మంట, ఆగని దగ్గు. ఎదురుగా ఉన్న లేడీస్ హాస్టల్లో సగం మందికి అదే జ్వరం. నా జ్వరం సంగతి నాకు పెద్దగా పట్టలేదు. నా పాలు తప్ప ఇంకేమీ ఎరగని పిల్లకు ఆ పాలు ఇవ్వొచ్చా లేదా అన్నదే నా భయం.

పంజగుట్టలో ఒక పెద్దావిడ పిల్లల డాక్టరు ఉండేవారు. గంటన్నర బయట కూర్చోబెట్టి, లోపలికి పిలిచి నన్నూ పిల్లనూ చూసి, ఒక్క నిమిషంలో తేల్చేశారు.

"ఇది వైరల్ జ్వరం. పాలు ఆపకు. ఇది పాల గుండా పోయేది కాదు, దగ్గు గుండా, చేతుల గుండా పోతుంది. ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కో, ముక్కూ నోరూ బట్టతో కట్టుకో. నీకు జ్వరమని తెలిసే లోపే అది పిల్ల దాకా వెళ్లి ఉంటుంది. దాన్ని తట్టుకునే బలం ఇప్పుడు నీ పాలలోనే ఉంది."

నాకొక జ్వరం మాత్ర రాసి, పాలిచ్చే తల్లి వేసుకోవచ్చని చెప్పి, తర్వాతి వాళ్లను పిలిచారు. ఇంజెక్షన్ లేదు, టెస్టు లేదు, పిల్లకు ఒక టానిక్ సీసా అయినా లేదు. అడిగిన వెంటనే ఇంత సులువుగా జవాబు ఇచ్చారంటే ఇందులో ఏదో లోటు ఉందనిపించింది నాకు. బేగంపేటలో ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"డాక్టరుగారు చెప్పారుగా, ఇంకేంటి?" అన్నారాయన.

"మీకు బేరం తెల్వది," అని పెట్టేశాను.

రెండో దుకాణం మా వీధి మొదట్లో ఉన్న మెడికల్ షాపు. ఆయన నా దగ్గు విని రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఆ డాక్టరమ్మ పెద్ద మనిషే అక్కా, నేనేం అనను. కానీ చిన్న పాప కదా, జర మూడు రోజులు ఆపుర్రి. డబ్బా పాలు కలిపి పట్టుర్రి. ఎందుకొచ్చిన ఫికర్?"

డబ్బా తీసి గల్లా మీద పెట్టాడు. డబ్బా అమ్మేవాడు డబ్బా పాలు మంచివని చెబితే నమ్మకూడదని మా నాన్న దుకాణంలో పెరిగిన నాకు తెలియదా? తెలుసు. అయినా చేతిలోకి తీసుకున్నాను.

మూడో దుకాణం మా ఇంట్లోనే ఉంది. కోస్తా నుంచి మనవరాలి కోసం వచ్చిన మా అత్తగారు.

"జ్వరం ఒంట్లో పెట్టుకుని పాలివ్వడమేంటమ్మాయ్? ఆ వేడంతా పిల్లకి దిగదూ? పూర్తిగా తగ్గి, తలకి పోసుకున్నాక ఇద్దువుగాని."

"ఎన్ని రోజులు అత్తమ్మా?"

"పది."

"పది మస్తు ఎక్కువ. రెండు."

"రెండేంటి, మాత్రేసుకుంటే జ్వరం రెండ్రోజులు దాక్కుంటుంది. పోనీ వారం."

"మూడు. మెడికల్ షాపాయన సుత మూడే అన్నడు."

ఆవిడ కాసేపు పిల్లను జోకొట్టి, "సరే. నాలుగో నాడు పొద్దున్నే తలకి పోసుకో," అంది.

ఆ రోజు నాకు కలిగిన గర్వం చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. అత్తగారిని పది నుంచి మూడుకు దించాను. డాక్టరు చెప్పింది పూర్తిగా వినలేదు, అత్తగారు చెప్పిందీ పూర్తిగా వినలేదు, మధ్యలో తెగ్గొట్టాను. అందరికీ న్యాయం జరిగినట్టే అనుకున్నాను. అసలు ఒక్క రోజు కూడా ఆపాల్సిన పని లేదని మొదటి దుకాణంలోనే చెప్పారు కదా అన్న మాట ఆ లెక్కలోకి రానేలేదు.

మొదటి రోజు పిల్ల సీసాను నాలుకతో తోసేసి ఏడ్చింది. నా రొమ్ములు రాళ్లయ్యాయి. జాకెట్టు తగిలినా ప్రాణం పోయేది. పిండి పారబోద్దామని వెళితే అత్తగారు వెనకాలే వచ్చింది.

"సింకులో పొయ్యకు. తొక్కే చోటా పొయ్యకు. మొక్కకి పొయ్యి."

వసారాలో కరివేపాకు కుండీ ఉండేది. లోపల పిల్ల నా పాల కోసం గుక్కపెట్టి ఏడుస్తుంటే, నేను గిన్నెడు పాలు కరివేపాకు మొదట్లో పోశాను. రెండో రోజు పిండుకోవడం భరించలేక సగంలో వదిలేశాను. ఎలాగూ పారబోసేదే కదా అనుకున్నాను. మూడో రోజుకు నొప్పి తగ్గింది. తగ్గిందని సంతోషించాను కూడా, పాలు వెనక్కి పోతున్నాయని తెలియక.

నాలుగో నాడు కుంకుడుకాయతో తలకు పోసుకుని, తడి జుట్టుతోనే పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. నోటికి అందించగానే అది ముఖం అటు తిప్పేసింది. ఇటు మార్చాను, ఇటూ తిప్పేసింది. వీపు విల్లులా వంచి, సీసా ఉన్న గూటి వైపు చూసి ఏడుపు. ఆ ఏడుపులో ముక్కు కారుతోంది. ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంది.

మళ్లీ పంజగుట్ట. మళ్లీ గంటన్నర. డాక్టరమ్మ గొట్టం పెట్టి పిల్ల ఛాతీ విన్నారు.

"మామూలు జలుబే. ఊపిరి బాగుంది. సీసా పాలు ఎవరు కలిపారు?"

"నేనే."

"దగ్గుకుంటూనా?"

అవునని తలూపాను.

"దీని మూతి దేనితో తుడిచావు?"

కొంగు వైపు చూసుకున్నాను. మూడు రోజులుగా నా ముక్కూ, దాని మూతీ, సీసా మూతా తుడిచిన కొంగు అది. పాలు ఆపాను, కొంగు ఆపలేదు. ఆపాల్సినది వదిలేసి, ఆపకూడనిది ఆపాను. అత్తగారికి కూడా ఆ పొద్దున్నే తుమ్ములు మొదలయ్యాయి. ఆవిడ నా పాలు తాగలేదు కదా.

"మొన్ననే చెప్పాను నీకు," అన్నారు డాక్టరమ్మ.

"మీరు ఒక్క నిమిషంల చెప్పేసిన్రు."

"అరగంట చెబితే నమ్మేదానివా?"

"నమ్మేదాన్ని."

ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "అయితే ఇవాళ అరగంట కూర్చో," అన్నారు. కూర్చోబెట్టి చెప్పారు. సీసా మానేసి, తక్కువైన పాలు గిన్నెతోనో చెంచాతోనో పట్టమన్నారు. పిల్లను ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టమన్నారు. నిద్రమత్తులో ఉన్నప్పుడు అందించమన్నారు. తాగినా తాగకపోయినా రెండు మూడు గంటలకోసారి పిండుతూనే ఉండమన్నారు.

"మళ్లీ నా దగ్గరికి ఎన్ని రోజులకు వస్తది?"

"రావచ్చు. మాట ఇవ్వలేను."

ఆ మాట మీద బేరమాడటానికి నాకేమీ దొరకలేదు.

తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిండితే చెంచాడు వచ్చేవి. అందిస్తే తోసేసేది. అత్తగారు ముక్కూ నోరూ తువ్వాలుతో కట్టుకుని, గిన్నె మరిగించి తెచ్చి ఇచ్చేది. "నేను పది అనకపోతే నువ్వు మూడు అనేదానివి కాదు," అంది ఒకసారి. నిజమే. కానీ ఆవిడ పెద్దవాళ్ల దగ్గర విన్నది చెప్పింది. డాక్టరు మాట చెవులారా విని బేరానికి పెట్టింది నేను.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఆరో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగి, చెమటకు ఇద్దరం అతుక్కుపోయి పడుకున్నాం. పిల్ల సగం నిద్రలో మూతితో వెతుక్కుంటూ వచ్చి, ఎడమవైపు పట్టుకుంది. రెండు గుక్కలు లాగి, ఆగి, కళ్లు తెరిచి నా ముఖంలోకి చూసింది. నాలుగు చోట్ల తిరిగొచ్చిన గిరాకీ, సరుకు అదేనా కాదా అని చూసే చూపు.

ఏదో ఒకటి అనేయాలని గొంతు దాకా వచ్చింది. ఏడుపొచ్చింది, తిట్టాలనీ అనిపించింది, ఎవరినన్నది తెలియలేదు. నోరు మూసుకున్నాను. కదిలితే వదిలేస్తుందేమోనని చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే ఉండిపోయాను.

కుడివైపు పాలు మాత్రం మళ్లీ నిండుగా రాలేదు. ఏడాది దాటేదాకా అది ఎడమవైపే తాగింది.