దానికి బిడ్డను చూపించినావు

పెద్ద తోకచుక్క కనబడిన ఏడాది నాకు ఏడెనిమిదేళ్లు. ఎర్రగుంట్ల దగ్గరి మా పల్లెలో దాన్ని మొదట చూసింది మా అమ్మే. వేకువనే వాకిట్లో నీళ్లు చల్లబోయి, తూర్పున చూసి అందరినీ లేపింది. "అదో, పొరక మాదిరి ఉండాది సూడప్పా" అని వచ్చినవాళ్లకల్లా వేలెత్తి చూపింది. అంతవరకూ అమ్మను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఆ నాలుగు రోజులూ ఆమె ముఖం వెలిగిపోయింది.

మా తమ్ముడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. "నాకూ సూపియ్యిమా" అని ఏడిస్తే, దుప్పటి కప్పి భుజాన ఎత్తుకొచ్చింది. వాడు చూసి నవ్వాడు. ఆ వారమే పోయాడు.

వాణ్ణి పూడ్చి వచ్చాక మా పెద్దమ్మ మెల్లగా అంది: "బిడ్డకు నువ్వు దాన్ని చూపించలేదు మే. దానికి బిడ్డను చూపించినావు."

అమ్మ ఏడవడం ఆపేసింది. చుక్క ఇంకా కనబడుతూనే ఉంది. అమ్మ మాత్రం తెల్లారేదాకా తలుపు తీసేది కాదు.

ఏళ్ల తర్వాత నా కూతురికి చందమామను చూపిస్తూ అన్నం పెడుతుంటే, అమ్మ గబగబా వచ్చి పాప ముఖం మీద కొంగు కప్పేసింది. చుక్కకూ జ్వరానికీ సంబంధం లేదని చెప్పబోయి, కొంగు వదలని ఆమె చేతిని చూసి, పాపను ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. నా పిల్లలంతా చందమామ లేకుండానే బువ్వ తిని పెరిగారు.