పెద్దమ్మ పీలిక కట్టిన పండు

మా పెద్దమ్మ పోయింది. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే కోడూరు నుంచి ఆవిడ కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే" అన్నాడు. ఆ వెంటనే, "పండు ఇంకా చెట్టునే ఉంది, నువ్వు వచ్చెయ్" అన్నాడు. తల్లి పోయిన మనిషి పండు సంగతి ఎందుకు ఎత్తాడో తెలియాలంటే, మీకు పెద్దమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మకి అక్క ఆవిడ. చుట్టూ అందరూ పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేసుకుంటుంటే, ఈవిడ పెరట్లో టమాటాలు పెంచుకుంటూ కూర్చుంది. మనం బజార్లో కొనే ఆ రబ్బరు బంతులు కావు. ఒక్క చేతిలో ఇమడనంత లావు పండు, గుమ్మడిపండుకి ఉన్నట్టు నిలువు గాడులు, కోస్తే నడిమధ్య దాకా ఎరుపు. వాళ్ళ అత్తగారి కాలం నుంచీ వస్తున్న విత్తనం. ఏటా ఒక మంచి మొక్కని ఎంచి, దాని మీద అన్నిటికన్నా పెద్ద పండుకి పాత చీర పీలిక కట్టేది. పీలిక కట్టిన పండు విత్తనానికి. దాని జోలికి ఇంట్లో ఎవరూ వెళ్ళకూడదు. చెట్టునే బాగా మగ్గాక గింజలు పిండి, నీళ్ళపొయ్యి బూడిదలో కలిపి, వంటింటి బయటిగోడకి బిళ్ళలుగా అద్దేది. వానలు వెనకపట్టాక ఆ బిళ్ళలు ఊడదీసి నారు పోసేది.

మొక్కని ఎంచడం నోటితోనే. ఒక్కో మొక్క నుంచి ఒక్కో పండు కోసి, ఉప్పు కూడా అద్దుకోకుండా, కళ్ళు మూసుకుని తినేది. ఆ సమయంలో పలకరిస్తే కసిరేది. "కంటికి నదురుగా ఉంటే సరిపోతుందా ఏమిటే? నోట్లో పెట్టుకుంటే కదా దాని సంగతి తెలిసేది" అనేది.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. టమాటా ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. "ఇంకా నయం, పెంచొద్దనలేదు" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బందరులో డయాలసిస్ చేయించుకుని, ఆ ఊళ్ళోనే ఉన్న మా ఇంటికొచ్చి చాప మీద వాలిపోయేది. సంచిలో తువ్వాలులో చుట్టిన పండు ఉండేది. "కొయ్యవే" అనేది. కోసి, ఆవిడ ఎదురుగా కూర్చుని తినాలి. అంతకన్నా శిక్ష ఉందా, మీరే చెప్పండి.

"ఎలా ఉంది?"

"బావుంది పెద్దమ్మా."

"బావుందంటే నాకేం తెలుస్తుందే మొద్దూ! నీ నోటితో తింటున్నాను నేను. పులుపు ముందొచ్చిందా, తీపా?"

అలా తిట్లు తింటూనే నేర్చుకున్నాను. "పులుపే ముందు. నాలిక పక్కల పట్టుకుంది. మింగాక తీపి." అప్పుడు చాకు అందుకుని, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చేదాన్ని. "ఎందుకు పెద్దమ్మా నీకీ పాట్లు" అని ఒకసారి గట్టిగానే అరిచాను. "రుచి చూడకుండా పీలిక ఎక్కడ కట్టమంటావే? చేతికందిన చోట కట్టెయ్యమంటావా?" అని అటు తిరిగి పడుకుంది.

పెద్దమ్మ ఒళ్ళు పాడైనట్టే పెరడూ పాడైంది. చెరువుల ఉప్పునీరు ఊరి ఊరి నేల చవుడు తేలింది. మడుల్లో వేసిన మొక్క వేసినట్టే మాడిపోయేది. ఆవిడ ఊరుకుంటుందా? రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలు తెప్పించి, ఉప్పు పోయేదాకా కడిగి, ఎక్కడెక్కడి నుంచో మంచి మట్టి మోయించుకుని వాటిలో వేసింది. ఊరి నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయని, తాగడానికి కొన్న టిన్ను నీళ్ళు చెంబుతో పోసేది. వదిన ఒకరోజు ఉండబట్టలేక, "మనుషులు తాగే నీళ్ళత్తయ్యా" అంది.

పెద్దమ్మకి అప్పటికి నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు. పెదాలు ఎండిపోయి ఉండేవి. "నాకెటూ గొంతు తడిపి ఊరుకుంటున్నారు. దాన్నైనా కడుపునిండా తాగనివ్వండమ్మా" అంది. ఆ తర్వాత వదినే రోజూ నీళ్ళు పోసింది.

అడిగినవాళ్ళందరికీ విత్తనం ఇచ్చిందావిడ. ఘంటసాలలో ఒకావిడ పెంచింది. ఆ స్థలంలో ఇప్పుడు ఇల్లు లేచింది. మా డాబా మీద నేనూ పెంచాను. ఆకు ముడత వచ్చి కాయ నిలవలేదు. మొన్నటి తుఫానుకి ఉప్పునీరు పెరట్లోకి ఎక్కి నారంతా కుళ్ళిపోయింది. గోడ మీద మిగిలిన బిళ్ళలన్నీ ఊడదీసి మళ్ళీ పోస్తే బతికింది ఒక్క మొక్క. ఇంక ఎంచడానికి ఏముంది? అయినా నాకు ఒక పండు తినిపించి, సరిగ్గా చెప్పించుకుని, అప్పుడే పీలిక కట్టింది. ముడి పడకపోతే నేను పట్టుకోబోయాను. "వదులు" అంది. తనే బిగించింది.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మని వాకిట్లో పడుకోబెట్టారు. ఆ మొహం చూశాక నాకు పండూ పెరడూ ఏమీ గుర్తు రాలేదు. తీసుకెళ్ళడం, మగవాళ్ళు తిరిగి రావడం, స్నానాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. ఎదురింటావిడ తన ఇంట్లో వండి, అందరికీ పట్టుకొచ్చింది. అన్నం, పప్పుచారు, రోటిపచ్చడి.

మొదటి ముద్ద పెట్టుకున్నాను. పులుపు ముందొచ్చింది. నాలిక పక్కల పట్టుకుంది.

మింగలేకపోయాను. తలెత్తి చూస్తే అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నన్నే చూస్తున్నాడు.

"ఈ టమాటాలు ఎక్కడివండీ?" అని అడిగాను.

"మీ పెద్దమ్మగారి పెరట్లోవేనమ్మా. చెట్టు ఎలాగూ ఎండిపోతోంది, ఉన్న నాలుగు పళ్ళూ కోసేశాను. ఆవిడ చేత్తో పెంచినవి, ఆఖరిసారి నలుగురూ తింటారని" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"పీలిక కట్టిన పండు?"

"అది దిష్టికి కట్టింది కదమ్మా! దిష్టికి భయపడే మనిషే పోయిందిగా, ఇంకెందుకని కోసేశాను."

ఏమనమంటారు ఆవిడని? పొద్దుటి నుంచీ మా కోసం పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. ఎదురింటావిడ ఇంకో గరిటె అన్నం వడ్డించబోతూ, "పచ్చడి బావుందామ్మా?" అంది. ఎలా ఉందో మొత్తం చెప్పాలని నోటిదాకా వచ్చింది. వినాల్సిన మనిషి లేదు. "బావుందండీ" అన్నాను.

కంచంలో పచ్చడిని చేత్తో విడదీసి, గింజలు ఒక్కొక్కటీ ఏరాను. నూనెలో మగ్గి, రోట్లో నలిగినవి. మొలవవని నాకు తెలుసు. నేనేం పిచ్చిదాన్ని కాను. నీళ్ళతో కడిగి, వంటింటి వెనక్కి వెళ్ళాను. నీళ్ళపొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అందులో గింజలు కలిపి గోడకి అద్దాను, పాత బిళ్ళల మచ్చల పక్కనే. నా వెనక అన్నయ్య వచ్చి నిలబడ్డాడు, ఎడమచేతిలో ఆ పీలిక ఉంది. బిళ్ళ జారిపోతుందేమోనని కాసేపు అరచేత్తో అదిమి పట్టుకున్నాను. చెయ్యి తీసి చూస్తే, మంచి గింజలు అద్దినప్పటి లాగే అంటుకుని ఉంది.