పొలిమేర దాటని బండ్లు

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలంలో నేను మానుకోట తహసీలు కచేరీలో అహల్కారుగా, అంటే గుమాస్తాగా ఉండేవాణ్ణి. మానుకోట అంటే నేటి మహబూబాబాద్. తహసీల్దారు గారు ఊళ్ళమీదికి వెళ్తే బండ్లు, బస, పాలు, కోళ్ళు అమర్చడం నా పనుల్లో ఒకటి. ఆ ఏడు దానికి ఇంకొకటి తోడైంది. తహసీల్దారు గారి బావమరిది బొంబాయిలో ఏదో కంపెనీ లెక్కలు చూసేవాడు; అతను భార్యతో కలిసి గంగారం అడవుల దిక్కు బంగళాలో సెలవులు గడపాలనుకున్నాడు. హైదరాబాదులో విమానం దిగింది మొదలు బంగళా మెట్టెక్కేదాకా ప్రయాణానికి ఎంతవుతుందో ముందే రాసి పంపమన్నాడు.

ఇలాంటి అంచనాను మా కచేరీలో తఖ్మీనా అనేవారు. విమానం దగ్గర్నుంచి స్టేషనుకు టాంగా, కేసముద్రం దాకా రైలు, అక్కణ్ణుంచి సామాన్లకు బండ్లు, అమ్మగారికి గూడున్న కచ్చడం బండి అని వరుసగా రాశాను. బండ్ల కిరాయి దగ్గర నా కలం ఆగింది. అధికారుల బండ్లకు కిరాయి ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు, ఊళ్ళే వెట్టికి తోలేవి.

"కిరాయి రాయి. పైసలు నాకొస్తయి, బండ్లు ఊరోళ్ళు తోల్తరు" అన్నారు తహసీల్దారు గారు. బావమరిది మొత్తం మనియార్డరు చేశాడు. బండ్ల వంతు తహసీల్దారు గారి షేర్వాణీ జేబులో హాయిగా పడుకుంది.

వెట్టికి ఒక పద్ధతి ఉంది. ఏ ఊరి బండి ఆ ఊరి పొలిమేర వరకే వెళ్తుంది. అక్కడ అవతలి ఊరి బండ్లు కాచుకుని ఉంటాయి, సామాను వాటిలోకి మారుతుంది. అయితే ఆ ఏడు అడవి దిక్కు ఊళ్ళలో రైతుల సంఘం లేచింది, వెట్టి బందు అన్నారు. స్టేషను దగ్గరి ఊళ్ళో బండివాళ్ళ పెద్ద కొమురయ్య ముందురోజే నాతో చెప్పాడు.

"సారూ, మా పొలిమేర దాంక తోల్తం. గది మా వంతు. అవుతలోళ్ళు రారు. జర దొరకు చెప్పుండ్రి."

చెప్పాను. ఎట్లా రారో చూస్తానని, రాకపోతే నా నౌకరీ ఊడినట్టేనని తహసీల్దారు గారు సెలవిచ్చారు. నా జీతం మీద అమ్మ, భార్య, పిల్లలు బతుకుతున్నారు. నాకు నిజంగానే భయం వేసింది.

మర్నాడు చుట్టాలు రైలు దిగారు. తహసీల్దారు గారు కూడా దర్జాగా ముందు బండెక్కారు. పొలిమేర రాయి దగ్గర కొమురయ్య బండ్లు ఆపించి, ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టలు, గ్రామఫోను ఎంతో మర్యాదగా ఎండలో దింపించాడు. అవతల పురుగు కూడా లేదు. బొంబాయి అమ్మగారు పరుపు చుట్ట మీద కూర్చుని, బంగళా ఇదేనా అని అడిగింది.

"ఏందిరా గిది?" అని తహసీల్దారు గారు ఉరిమారు.

"పొలిమేర దొరా. మా వెట్టి మేం చేసినం" అన్నాడు కొమురయ్య, ఎడ్లను ఇంటి దిక్కు మళ్ళిస్తూ.

తహసీల్దారు గారు నన్ను కొరికేసేలా చూశారు. ఇంతలో బావమరిది చెమట తుడుచుకుంటూ, ఇంకా ముందుకు రావడానికి ఏం కావాలని కొమురయ్యనే అడిగాడు.

"కిరాయికైతే అడివి నడుమ దాంకనన్న వస్తమయ్యా. కిరాయికి పొలిమేర ఉంటదా?"

"కిరాయి నేనెప్పుడో పంపాను కదా బావా!" అన్నాడు బావమరిది, ఏ పాపమూ ఎరగకుండా.

బండివాళ్ళందరూ ఒక్కసారి షేర్వాణీ వైపు తిరిగారు. అత్తగారింటి మనిషి ముందు ఏ అధికారైనా తగ్గాల్సిందే. తహసీల్దారు గారు ఇప్పుడే ఇద్దామనుకుంటున్నానని గొణిగి, జేబులో చెయ్యి పెట్టారు. వచ్చిన దూరానికి కూడా కలిపి ఇయ్యమన్నాడు కొమురయ్య. అది న్యాయమేనని తలాడించాడు లెక్కల మనిషి. నేను నవ్వాపుకోలేక, పరుపు చుట్టలు ఎక్కించే నెపంతో బండి వెనక్కి పోయాను.

బంగళాలో బావమరిది నా తఖ్మీనాను తెగ మెచ్చుకుని, ఇలాంటి మనిషిని వదులుకోవద్దని బావకు చెప్పాడు. దాంతో నా నౌకరీ నిలిచింది. మరుసటి నెల పర్యటనకు తహసీల్దారు గారు నన్ను పిలిచి, మొహం అటు తిప్పుకుని, "ఎంతయితదో గా కొమురయ్యను అడిగి రాయి" అన్నారు.

రిటైరయ్యేదాకా ఎన్నో ప్రయాణాలకు ఖర్చులు అంచనా కట్టాను. దారి ఎంతో పటం చెబుతుంది, ఖర్చెంతో తోలేవాడే చెప్పాలి. కిరాయి లేని పుక్కటి బండిని నమ్ముకుంటే సామాను పొలిమేరలో దిగుతుంది.