అది మురికి కాదు, జ్వరం

రాజుల చరిత్రలు చాలా చదివాను. ఎవరెన్ని యుద్ధాలు చేశారో ఉంటుంది గానీ, చిన్నప్పుడు కడుపునిండా తిన్నారో లేదో ఎక్కడా ఉండదు. ఆ సంగతి పళ్ళు చెబుతాయని ఒక మ్యూజియం నేలమాళిగలో తెలిసింది. వానకి తలదాచుకోబోయి, దారితప్పి అక్కడికి దిగాను.

ఒకావిడ బల్లదీపాన్ని పక్కకి వంచి, మెత్తటి బ్రష్షుతో ఒక పన్ను శుభ్రం చేస్తోంది. మనుషులకి వ్యవసాయం తెలియని కాలపు పన్ను. తవ్వకాల్లో దొరికిన ఎముకలు కడగడం ఆవిడ ఉద్యోగం. అందరూ గీతలక్క అంటారు. ఆవిడ ముందుపళ్ళ మీద గోటితో గీసినట్టు అడ్డగీతలున్నాయి మరి. పళ్ళు తోముకోదని బడిలో వెక్కిరిస్తే, చిగుళ్ళు నెత్తురోడేదాకా తోమేదట. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం. వాన తగ్గేలోగా ఇదంతా ఆవిడే చెప్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పాతపళ్ళ మీదా అలాంటి గీతలే కనిపించాయి. మట్టి కాబోలనుకుని పొద్దుటినుంచీ రుద్దుతూ కూర్చుంది. పైఅధికారిణి చూసి బ్రష్షు లాక్కుంది.

"అది మురికి కాదమ్మా, జ్వరం."

పసితనంలో పెద్ద జబ్బు చేసినా, తిండి కరువైనా, చిగుళ్ళ లోపల తయారవుతున్న పన్ను మీది గట్టి పొర ఎదగడం ఆగిపోతుంది. కోలుకున్నాక మళ్ళీ మొదలవుతుంది. ఆగినచోట గీత మిగిలిపోతుంది, జన్మంతా. బిడ్డ ఆ జబ్బులోనే పోతే ఆ గీత పడే వ్యవధే ఉండదు. గీత ఉందంటే గట్టెక్కిన బిడ్డ అన్నమాట.

ఆరోజు నుంచి చెయ్యి అడ్డం పెట్టడం మానేసింది.

సంతలో గుర్రాల నోళ్ళు తెరిచి చూసే బేరగాళ్ళని చాలా ఊళ్ళలో చూశాను. అత్తగారి నోటిని అలా చూసిన అల్లుడి సంగతి ఇక్కడే విన్నాను. గీతలక్క అల్లుడే అతను, పళ్ళ డాక్టరు. కొత్త క్లినిక్ తెరవబోతూ పట్టుబట్టాడు.

"రిబ్బను కత్తిరించేది మీరే అత్తయ్యా. ఫొటోలో ఆ పళ్ళు చూస్తే నా దగ్గరికెవరొస్తారు? చిటికెలో తెల్లటి తొడుగులు వేసేస్తాను."

కూతురూ వంతపాడింది. పిల్ల ముఖం చూసి, గీతలక్క వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తొడుగు పట్టాలంటే ముందు పన్ను అరగదీయాలి. మిషను గుర్రుమనగానే ఆవిడ అల్లుడి మణికట్టు పట్టుకుంది.

"ఇది అరిగితే మళ్ళీ వస్తుందా బాబూ?"

"రాదు. పైన తొడుగుంటుందిగా."

"నాకూ మా తమ్ముడికీ ఒకేసారి వచ్చింది జ్వరం. వాడు దాటలేదు, నేను దాటాను. దానికి మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. దీన్నా అరగదీస్తావు?"

పోనీ ఫొటోలో నోరు మూసుకోండి చాలన్నాడు అల్లుడు.

"నోరు మూసుకోడానికా నేను బతికింది?" అని కుర్చీ దిగేసింది.

మొన్న దవడపన్ను సలుపుతుంటే ఆ క్లినిక్‌కే వెళ్ళాను. గుమ్మానికి ఎదురుగా గీతలక్క ఫొటో. చేతిలో కత్తెర, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వు. సొంత అత్తగారి పళ్ళే బాగుచెయ్యలేదేమని నా పక్కనున్నావిడ అడిగితే, చెయ్యనిస్తేగా అని గొణిగాడు డాక్టరు.

మొదట్లో అతను ఆ ఫొటోని వెనకగదిలో పెట్టాడట. సుత్తీ మేకూ పట్టుకొచ్చి, ఇక్కడ కొట్టి వెళ్ళింది ఆవిడే.