గాజుబిళ్ల మీద కొబ్బరినీళ్లు

ఆ రోజుల్లో బరంపురం గాలి అంటే నాకు పరమ శత్రువు. సాయంత్రమయ్యేసరికి ఊరంతా డాబాలెక్కి, సముద్రపు గాలి ఎంత హాయిగా ఉందోనని మురిసిపోతుంటే, అందులో తేమ ఎంతుందోనని నేనొక్కణ్ణే బెంగపడేవాణ్ణి. అదంతా నా పరిశోధన మహిమ. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని గాజుబిళ్ల మీద నల్లటి పొరగా పరిచి, ఆ పైన కార్బన్ నానోట్యూబుల పూత పూస్తే (కంటికి కనబడనంత సన్నటి గొట్టాలు, మసికి బాగా చదువుకున్న చుట్టాలనుకోండి) వెలుగు పడగానే కరెంటు పుడుతుంది. వెలుగును కనిపెట్టే కన్నన్నమాట. ఎటొచ్చీ ఆ నల్ల పొరకి తేమ తగిలిందా, పచ్చబడి ఊరుకుంటుంది. "పిల్లకి మళ్లీ కామెర్లొచ్చాయా?" అని అడిగేవారు మా గైడు మేడమ్, ఊళ్లోనే గోసాని నువాగాం పేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగింటి ఆవిడ. నా పరిశోధన వెలుగు చూడాలంటే ముందు నా బిళ్ల వెలుగు చూడాలి. అదేమో కళ్లు తెరవకముందే పచ్చబడేది.

చివరికి ఒక్కటంటే ఒక్క బిళ్ల బతికింది. మర్నాడే దాన్ని పరిశోధన కమిటీకి చూపించాలి. "రేపు మీటరు కదిలిందా, థీసిస్ రాసుకో. కదల్లేదా, మళ్లీ మొదట్నుంచీ" అని మేడమ్ తేల్చేశారు. నా ఖర్మకొద్దీ ఆ రోజు విశ్వకర్మ పూజ. మా ఒడిశా వైపు ఆ రోజు సైకిలు నుంచి లారీ దాకా ప్రతి యంత్రానికీ బొట్టు పెడతారు. పూజయ్యాక మర్నాటి దాకా దాన్నెవరూ ముట్టుకోరు. ల్యాబ్‌లో ఆ పెత్తనమంతా బాబాయిది (వరసకేమీ కాడు, పాత్రపూర్ నుంచి వచ్చిన అటెండరు, అందరికీ బాబాయే). మీటర్లకీ పంపులకీ కుంకుమ పెట్టుకుంటూ వచ్చి, నా గాలి చొరని డబ్బా దగ్గర ఆగాడు.

"ఏటి బాబూ, ఇందుల ఏటున్నాది?"

"నా బిళ్ల, బాబాయ్. దానికి పూజలొద్దు."

"ఎవులో సేసిన మిషన్లకి బొట్లెట్టి, నువ్వు సేసిందాన్ని దాసేత్తావేటి?"

"మూత తీస్తే పాడైపోతాది బాబాయ్!"

"దేవుడు సూత్తే పాడైపోద్దేటి? రేపు పరీచ్చ నీకా, నాకా?"

నేను సైన్సు చదివినవాణ్ణే గానీ, మర్నాడు కమిటీ ఉన్నవాణ్ణి కూడా. నిమిషమే కదా అని మూత తీశాను. సరిగ్గా ఆ నిమిషంలోనే బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. మా ల్యాబ్‌లో అంత గురి తప్పని ప్రయోగం నేనెన్నడూ చూడలేదు. నీళ్లు ఎగిరొచ్చి నేరుగా బిళ్ల మీద పడ్డాయి. నేను పెట్టిన కేకకి హారతి ఆరిపోయింది.

"ఏటలా అరుత్తావు? కొబ్బరినీల్లే కదా, ఒంటికి సలవ!"

చేమాకు మీద పడ్డట్టు చుక్కలు జారిపోయాయి గానీ, పూత అందని అంచులు చూస్తూండగానే పచ్చబడ్డాయి. మీటరు వైపు పరిగెత్తబోతే, పూజకొచ్చిన మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు.

"పూజయ్యాక ముట్టుకోకూడదు. రేపే."

"మేడమ్, మీరు ఫిజిక్స్ ప్రొఫెసరు!"

"అవును. నువ్వు ఫిజిక్స్ స్టూడెంటువి. మూత ఎవరు తీశారు?"

బాబాయి నా చేతిలో బూందీ ప్రసాదం పెట్టాడు.

మర్నాడు కమిటీ ముందు బిళ్ల మీద టార్చి వేశాను. మీటరులో అంకె లేచింది. చెయ్యి అడ్డం పెడితే పడింది. మళ్లీ వేస్తే మళ్లీ లేచింది. బతికిపోయానని ఊపిరి పీల్చుకునేలోగా, పరాయి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు సవరించుకుని అడిగారు.

"ఈ పసుపు అంచులేమిటి? నీళ్ల పరీక్ష చేశావా?"

అబద్ధమాడదామంటే మేడమ్ నా వైపే చూస్తున్నారు. "కొబ్బరినీళ్లు సార్."

"ఎందుకు?"

"విశ్వకర్మ పూజ సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. తరవాత బిళ్ల మీదికి వంగారు. "పూత ఉన్నచోట నీళ్లు దిగలేదయ్యా. ఇదే మళ్లీ చేసి చూడు, మామూలు నీళ్లతో. థీసిస్ ఆ తరవాత."

అలా నెలల తరబడి, కొత్త బిళ్లలు చేసుకోవడం, వాటి మీద నా చేతులతో నేనే నీళ్లు చల్లుకోవడం నా ఉద్యోగమైంది. ఒకనాడు బాబాయి గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు.

"నాను సల్లితే ఊరు లేసిపోయేటట్టు అరిసావు. మరిప్పుడు నువ్వు సేత్తన్నదేటి బాబూ?"

మీటరు చదువుతున్నట్టు తల వంచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఒరే అబ్బీ, ఆ తల ఒక్కసారి ఎత్తి బాబాయితో కలిసి నవ్వేస్తే నీ సొమ్మేం పోయేదిరా అనిపిస్తుంది.